బాలనర్సమ్మ చదివిన మొదటి కాగితం

పోయిన వారం యమునను మేడ్చల్‌లో షేర్ ఆటో ఎక్కిస్తూ ఆగాం. చేతిలో వకీలు ఇచ్చిన ఫైలు ఉంది. పొద్దున తాగిన చాయ్ తప్ప కడుపులో ఏమీ లేదు. ధైర్యం మాత్రం దండిగా ఉంది.

కొత్తగా వచ్చినవాళ్లకు నాలుగు మాటలు. శామీర్‌పేట దాటి ఔటర్ రింగు రోడ్డు పక్క మట్టి బాట పట్టి పోతే గుండ్లగుట్ట వస్తుంది. గుట్ట వెనక ముప్పై ఒక్క వడ్డెర గుడిసెలు. నలభై ఏళ్ల కింద రాయి కొట్టడానికి వచ్చి అక్కడే ఉండిపోయిన వాళ్లవి. చుట్టూ లేచిన ప్రతి లేఔట్ పునాదిలో వీళ్లు కొట్టిన రాయి ఉంది. వీళ్ల గుడిసెలకు మాత్రం కరెంటు స్తంభం రాలేదు. గుట్ట అడ్డం, ఫోను సిగ్నలూ రాదు. ఇప్పుడు ఆ మూడెకరాలు మా తాత పట్టా అంటున్నాడు మధుసూదన్. ప్లాట్ల వ్యాపారి, పార్టీ మనిషి, ఊళ్లో పెళ్లికైనా చావుకైనా ముందు వరసలో కుర్చీ ఉండేవాడు. రేపు పదకొండింటికి మండలాఫీసులో విచారణ. గుడిసెలవాళ్ల బలమంతా ఒక్క మాటలో ఉంది: నలభై ఏళ్లుగా, ఒక్క ఏడాదీ విడవకుండా, మేం ఇక్కడే ఉన్నాం. ఆ మాట నిలిస్తే నేల నిలుస్తుంది. ఆ మాట పోతే జేసీబీ వస్తుంది. ఇందులో చిక్కు ఏమీ లేదు.

యమున గుట్ట మలుపు తిరిగేసరికి మూడైంది. ఆ వేళకు సమ్మెట చప్పుడు చెవుల్లో పడాలి. కంచెలకు పాతే రాతి కడీలు సాయంత్రం లారీకెక్కాలి, అందుకని మూడింటికి పని జోరు మీద ఉంటుంది. ఒక్క చప్పుడు లేదు.  రాయి కొట్టేవాళ్లు పట్టపగలు సమ్మెట దించారంటే ఎవరో పోయినట్టే. ముసలి గండయ్య మామ నిన్న దగ్గుతూ ఉన్నాడు. యమున చెప్పులు చేతబట్టుకుని ఉరికింది.

ఎవరూ పోలేదు. అందరూ చదువుడు బండ చుట్టూ కూర్చుని ఉన్నారు.

ఆ బండ సంగతి చెప్పాలి. తొమ్మిదేళ్ల కింద ఒక మేస్త్రీ, కూలి కాగితమని చెప్పి ఈ గుడిసెలవాళ్ల చేత వేరే కాగితం మీద వేలిముద్రలు వేయించుకున్నాడు. అది ఇంకో క్వారీకి వాళ్లను కట్టేసిన బాండు. ఆ బాండు మీద కొట్లాడటానికే యమున లాల్‌గడి మలక్‌పేట్ నుంచి మొదటిసారి ఇక్కడికి వచ్చింది. ఏడో తరగతిలో బడి మానేసిన మనిషి. కిరాణం కొట్టులో పొట్లాలు కట్టే పేపర్లు చదివి చదివి చట్టం నేర్చుకుంది. వచ్చీ రాగానే ఈ బండ ఎక్కి అరిచింది. "సదవకుంట ఏలేస్తే ఆ ఏలు మీది కాదు! ఇగ ఏ కాగితమొచ్చినా గీ బండ మీద మూడుసార్లు సదవాలె. సదివినంకనే ఏలు."

ఆ మాటే గుట్ట మీద ఎర్ర రంగుతో రాసింది కూడా. అప్పటి నుంచి అదే కట్టుబాటు. మొదటిసారి ఏకబిగిన చదవాలి. రెండోసారి ప్రతి వాక్యం దగ్గర ఆగి అర్థం చెప్పాలి. మూడోసారి చదివేవాళ్లు నోరు మూసుకోవాలి, వేలు వేసేవాళ్లే కాగితంలో ఏముందో తిరిగి చెప్పాలి. చెప్పలేకపోతే వేలు లేదు. తొమ్మిదేళ్లుగా బ్యాంకు కాగితమైనా, గ్యాసు కాగితమైనా, పెళ్లి సంబంధం కాగితమైనా ఈ బండ ఎక్కాల్సిందే. చదివేది మాత్రం ఎప్పుడూ యమునే. ఇంకెవరికి వచ్చు కనక.

ఈవేళ బండ మీద బాలనర్సమ్మ నిలబడి ఉంది.

అరవై దాటిన మనిషి. కంకర కొట్టి కొట్టి కొంచెం పక్కకు ఒరిగిన నడుము. చేతిలో కుట్టు పిన్ను పెట్టిన కాగితాల కట్ట. ఆమె కాళ్ల దగ్గర ఎండపలక ఒకటి ఎండకు ఆనించి పెట్టి ఉంది.

ఎండపలక అంటే ట్యాబే. ఆ పేరు పిల్లలు పెట్టుకున్నారు. వెనక నల్ల ప్యానెల్, ఎండలో పెడితే చార్జింగు ఎక్కుతుంది. ఇంటర్నెట్ అక్కర్లేదు, పాఠాలన్నీ లోపలే ఉంటాయి. సికింద్రాబాద్‌లో ఒక ట్రస్టు ఇచ్చింది, గుడిసెకొకటి. నెలకోసారి అశ్రిత అనే పిల్ల స్కూటీ మీద వచ్చి గోరంత కార్డు మార్చి కొత్త పాఠాలు ఎక్కించి పోతుంది. వచ్చింది పిల్లల కోసం. బాలనర్సమ్మ మనవరాలి పలక మీద ఓ రోజు వేలు పెడితే అది కదల్లేదు. నలభై ఏళ్లు సమ్మెట పట్టిన వేలు. రేషను షాపు మిషనే దాన్ని గుర్తుపట్టదు. పిల్లలు పడీ పడీ నవ్వారు. ముసలమ్మకు రోషం వచ్చింది. ఒక్కో వేలూ పెట్టి చూసింది. చివరికి చిటికెన వేలి పక్కభాగం, పని తగలని ఒకే ఒక్క మెత్తటి చోటు, తడి చేసి నొక్కితే పలక "అ" అని పలికింది. అది జరిగి పద్నాలుగు నెలలు. పగలు కంకర, పొద్దు గూకే ముందు గంటసేపు చిటికెన వేలు. ఆమె చదువు అలా నడిచింది.

యమున వచ్చింది చూసి కూడా ఎవరూ "కూసో బిడ్డా" అనలేదు. రోజూ చెంబుతో నీళ్లు అందించే చేతులు ఒళ్లోనే ఉండిపోయాయి. అశ్రిత ఓ పక్కన స్కూటీకి ఆనుకుని నేల చూస్తోంది.

"ఏమైంది పెద్దమ్మా? పని బందు వెట్టిండ్రేంది?"

"ఆఫీసు అటెండరొచ్చి పోయిండు" అంది బాలనర్సమ్మ. "రేపటికి మధుసూదన్ పెట్టిన సాక్ష్యాలంట. మనకో కాపీ. నువ్వు లేకపోతివి. నేనే సదువుతున్న."

ఒక్క క్షణం యమునకు కళ్లు తడిశాయి. సంతోషంతోనే. ఈ ఒక్క దృశ్యం కోసమే కదా తొమ్మిదేళ్లు ఎండల్లో తిరిగింది! బండ మీద తాను కాకుండా వాళ్లలో ఒకరు నిలబడాలని, ఆఫీసు కాగితాన్ని వాళ్లే తిప్పి చూడాలని. ఆ సంతోషం ఆమెకు ఆ ఒక్క క్షణమే దక్కింది.

"ఒకసారి సదువుడయింది. ఇప్పుడు రెండోసారి. నిలవెట్టి నిలవెట్టి సదువుత. నువ్వు గూడ ఇను." బాలనర్సమ్మ కాగితాన్ని కంటికి దూరంగా పట్టింది. చిటికెన వేలు అక్షరాల కింద జరుగుతోంది. "ఏడో ప్రశ్న. మీ... నివాసం... శా... శాశ్వతమా..." ఊపిరి తీసుకుంది. "తా... తాత్కాలికమా? జవాబు. తాత్కాలికం."

చదవడం ఆపి అశ్రిత వైపు తిరిగింది. "తాత్కాలికం అంటే ఏంది బిడ్డా?"

అశ్రిత తల ఎత్తకుండానే చెప్పింది. "టెంపరరీ... అవ్వా."

ఆ మాట అక్కడ పసిపిల్లకు కూడా తెలుసు. లేఔట్‌లో వాచ్‌మన్ షెడ్డు టెంపరరీ. బోరు మోటరుకు లాగిన వైరు టెంపరరీ. పని కాగానే పీకి అవతల పారేసేదంతా టెంపరరీ.

"ఎనిమిదో ప్రశ్న. ఏడాదిల... ఎన్ని నెలలు ఈడ ఉంటరు? జవాబు. పని దొరికిన ఎనిమిది నెలలు. వానాకాలం... సొంతూళ్లకు పోతరు."

"ఏ సొంతూరు?" అన్నాడు గండయ్య. డెబ్బై ఏళ్ల మనిషి, గుడిసెల్లో అందరికంటే ముందు వచ్చినవాడు. నవ్వుతూనే అడిగాడు. "నాకైతే ఎరుకలేదు. ఎవరికన్న ఎరుకుంటె చెప్పుండ్రి, నేను గూడ ఓపారి పోయొస్త."

ఎవరూ నవ్వలేదు.

యమున ఆ కాగితాన్ని చూడక్కర్లేకపోయింది. ఏడో ప్రశ్న అనగానే తెలిసిపోయింది.  అది ఎండపలకల కోసం ట్రస్టుకు పెట్టుకున్న దరఖాస్తు. రాసింది ఆమే.

"కింద ముప్పై ఒక్క ఏలిముద్రలున్నయి" అంది బాలనర్సమ్మ. "నాది నాకెరుకే, నడుమ గాటుంటది. ఈ రాత గూడ నాకెరుకే. గుట్ట మీద ఎర్ర రంగుతోని నువ్వు రాసిన అక్షరాలు జూసే నేను దిద్దుకున్న. పలకల సదువుకొని, బండ మీద నీ రాత దిద్దిన." ఆమె గొంతు పెరగలేదు. "గిది నీ రాతే గదా బిడ్డా?"

"నాదే పెద్దమ్మా."

"గీ బండ ఎక్కలే గద ఈ కాగితం?"

"ఎక్కలే."

రెండేళ్ల కింద జూన్ నెల. దరఖాస్తుకు అదే చివరి రోజు. ట్రస్టు ఎండపలకలు ఇచ్చేది వలస కూలీల మకాములకే. పని ఉన్నన్నాళ్లు ఉండి లేచిపోయేవాళ్ల పిల్లలకు బడి ఉండదు కాబట్టి వాళ్లకని పెట్టిన పథకం. శాశ్వతంగా ఉండే బస్తీలకు కరెంటూ బడీ సర్కారే ఇవ్వాలి, మేం ఇవ్వం అని కాగితం మీదే రాసుకున్నారు. గుండ్లగుట్ట ఏ లెక్కలోకీ రాదు. సర్కారు ఇవ్వదు, ట్రస్టూ ఇవ్వదు. ఆ ఫారం చేతిలో పట్టుకుని యమున అరగంట కూర్చుంది. ముప్పై మంది పిల్లలు కంకర కుప్పల మీద ఆడుతున్నారు. ఒక్క మాట. ఒక్క మాట మార్చి రాస్తే వాళ్ల చేతికి చదువు వస్తుంది. రాసేసింది. ఆ రోజు మగవాళ్లూ ఆడవాళ్లూ నాలుగు లేఔట్లలో పనిలో ఉన్నారు. సైటు సైటుకూ ఉరికింది, ఇంకు డబ్బా చేతబట్టుకుని. "పలకల కాగితం, పిల్లలకు. జల్దీ ఎయ్యుండ్రి, టైమైపోతాంది" అంది. వేశారు. చదివి వినిపించమని ఒక్కరూ అడగలేదు. అడిగేదెవరు, చదవమని నేర్పిన మనిషే వచ్చి వేయమంటుంటే!

బండ ముందు నిలబడి యమున ఇదంతా చెప్పింది. అడిగినదేదీ దాచలేదు. అడిగితే దాచే అలవాటు ఆమెకు లేదు. ఉంటే ఈ కథ ఇంకోలా ఉండేది.

"అబద్ధమని నాకెరుకే. కని పిల్లల కోసమే జేసిన. మీ బువ్వ గుంజుకోలే, మీ జాగ అమ్ముకోలే. రెండేండ్లల్ల పన్నెండు మంది పిల్లలు శామీర్‌పేట బడిల సీదా నాలుగో తరగతిల కూసున్నరు. గది లెక్కలకు రాదా?"

"ఎందుకు రాదు" అంది బాలనర్సమ్మ. "నాకు అక్షరమొచ్చిందే నీ పలకతోని. నేను కాదంటున్ననా? గా మేస్త్రీ గూడ కూలి కోసమే అన్నడు."

ఆ మాటకు యమున వెనక్కి ఒక అడుగు వేసింది. చెంప మీద కొట్టినా అంత వెనక్కి పోయేది కాదు.

"నన్ను ఆనితోని జతజేస్తున్నవా పెద్దమ్మా?"

"జతజేస్తలే. ఆడు మా మీద బతకనీకి జేసిండు. నువ్వు మమ్మల్ని బతికియ్యనీకి జేసినవ్. కని ఇద్దరు గూడ మా ఏలు వట్టుకొని ఇంకుల ముంచిండ్రు. గంతే నేనంటున్న."

"నేను అడిగితే మీరు ఒప్పుకోకపోదురా?"

"ఒప్పుకుంటుంటిమో, కాదంటుంటిమో. గది నీకెట్ల ఎరుక? అడగలే గద." ఆమె కాగితాన్ని దించింది. ముఖంలో కోపం కన్నా అలసటే ఎక్కువ ఉంది. "పన్నెండేండ్ల కింద మా ముసలాయన మీద బండ వడ్డది. గా దిబ్బ కాడ బొంద పెట్టినం. నువ్వు రాకముందు ముచ్చట. ఆయన్ని గూడ టెంపరరీగ పూడ్సినమా బిడ్డా?"

 ఓ పసిపిల్ల తల్లి కొంగులో ముఖం దాచుకుంది. 

గండయ్యే ముందు గొంతు సవరించుకున్నాడు. "సాలు తియ్యి నర్సమ్మా. పొల్ల ఉపాసం ఉన్నట్టుంది, మొఖం సూడు. తప్పు జేసింది. జేయనోడెవడు? నేను నా పెండ్లిల పిల్ల చెల్లెకు పుస్తె కట్టబోయిన, పంతులు ఆపిండు." ఒకరిద్దరు ముసిముసిగా నవ్వారు. "తొమ్మిదేండ్లు మా కొరకు తిరిగింది. ఒక్క కాగితం. దాన్నెట్ల తిప్పుకోవాల్నో సూడుండ్రి."

యమునకు ఆ మాటతో ఊపిరి ఆడింది. గండయ్య ఎప్పుడూ అంతే. ఎవరు ఎంత అరిచినా ఆమె పక్కనే నిలబడతాడు. ఆయన వైపు చూడబోయి, చూడలేక, తల తిప్పుకుంది.

"అసలు గీ కాగితం మధుసూదన్ చేతికెట్ల వోయింది?" అన్నాడు గండయ్య. "ట్రస్టోళ్లిచ్చిండ్రా?"

అశ్రిత గబగబా తల అడ్డంగా ఊపింది. "మా ఆఫీసు నుంచి కాదు తాతా. ఒట్టు. మా ఫైలు మా దగ్గరే ఉంది."

"వాళ్లియ్యలే" అంది యమున. ఇది అన్నిటికంటే కష్టమైన మాట. "ఆఖరి పేజీ తిప్పు పెద్దమ్మా. కింద సంతకముంటది."

బాలనర్సమ్మ తిప్పింది. చిటికెన వేలు ఆ సంతకం కింద ఆగింది. చాలాసేపు ఆగింది. "మ... ధు... సూ..."

చదవడం పూర్తి చేయలేదు.

ఫారం మీద ఊళ్లో తెలిసిన పెద్దమనిషి ఒకరు సంతకం పెట్టి, ఇందులో రాసింది నిజమేనని చెప్పాలి. సర్పంచు ఆ రోజు ఊళ్లో లేడు. టైము లేదు. యమున నేరుగా మధుసూదన్ ఇంటికి పోయింది. అప్పటికి ఈ పట్టా గొడవ లేదు, గుట్ట వైపు ఆయన చూపు ఉందని ఎవరికీ తెలియదు. సోఫాలో కూర్చోబెట్టాడు. తమ్ముడి కూతురు తృప్తి చేత మజ్జిగ ఇప్పించాడు. కళ్లజోడు తెప్పించుకున్నాడు. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా, నిదానంగా, ఒక్కో ప్రశ్నా ఒక్కో జవాబూ చదివాడు. ఏడో ప్రశ్న దగ్గర ఒకసారి తలెత్తి యమునను చూశాడు. "మంచి పని చేస్తున్నవమ్మా" అన్నాడు. సంతకం పెట్టి, "నా దగ్గరో జిరాక్సు ఉండనీ" అన్నాడు. ఇంట్లోనే మిషన్ ఉంది. యమున థాంక్స్ కూడా చెప్పింది.

ముప్పై ఒక్క మంది వేళ్లు వేసిన ఆ కాగితాన్ని ఆ రోజు పూర్తిగా చదివినవాడు ఆయన ఒక్కడే.

"ఓ యమునా" అంది బాలనర్సమ్మ. ఇంతసేపూ బిడ్డా అన్న మనిషి ఇప్పుడు పేరు పెట్టి పిలిచింది. "మాకు సదివి ఇనిపియ్యనీకి నీకు టైము దొరకలే. ఆయన సదివే దాంక కూసోనీకి దొరికిందా?"

   యమునకు ఆ మజ్జిగ రుచి నాలుక మీదికి వచ్చింది, జీలకర్ర వేసిన మజ్జిగ.

"రేపు నేనే చెప్త" అంది చివరికి. "ఆఫీసర్ ముంగట నిలవడి, గా జవాబులు నావి, వీళ్లవి కావు, వీళ్లకు సదివి ఇనిపియ్యలే, అబద్ధం రాసిన అని చెప్త. సంతకం పెట్టి ఇస్త."

"అక్కా" అంది అశ్రిత మెల్లగా. "అబద్ధం రాశారని రికార్డులోకి ఎక్కితే పలకలు వెనక్కి తీసుకుంటారు. మా రూలు అది. నేను ఆపలేను."

"ఎరుకే."

"అది ఒక్కటే కాదు" అన్నాడు గండయ్య. నవ్వు పోయింది ఆయన ముఖంలో. "కీసర కాడికెల్లి లాల్‌గడి మలక్‌పేట్ దాంక నువ్వు రాసిన అర్జీలు ఎన్నున్నయ్? రేపు నువ్వు అబద్ధం రాసిన అన్నవనుకో, మధుసూదన్ వకీలు ఊకుంటడా? గీమె రాసినయన్ని గిట్లనే ఉంటయి సార్ అంటడు. అన్ని మట్టిల కలుస్తయి బిడ్డా. మా ఒక్కల కోసం."

అదీ నిజమే. యమునకు ఆటోలో లేని భయం ఇప్పుడు పట్టుకుంది. ఆమె దగ్గర ఉన్నది తన రాత మీద నమ్మకం ఒక్కటే. డిగ్రీ లేదు, పార్టీ లేదు, వెనక కులం బలం లేదు. యమున రాస్తే నిజమే రాస్తుంది అన్న పేరు, అంతే. అది సంపాదించడానికి తొమ్మిదేళ్లు పట్టింది. పోగొట్టుకోవడానికి ఒక మధ్యాహ్నం సరిపోయింది, అదీ రెండేళ్ల కిందటి మధ్యాహ్నం. ఇన్నాళ్లూ లేని ఆస్తి మీద పెత్తనం చేస్తూ తిరిగిందన్నమాట.

"మరేం జేద్దాం మామా? నోరు మూసుకుంటే మీ జాగ వోతది."

"నీ ఇల్లు లాల్‌గడి మలక్‌పేట్ల ఉంది" అంది బాలనర్సమ్మ. ఎత్తిపొడుపుగా కాదు, లెక్క చెప్పినట్టు అంది. "రేపు ఏమైనా నీ తలుపు నీకుంటది. మాది గీడనే. అందుకని ఏం జేయాల్నో ఈసారి మేం చెప్తం. నువ్వు ఇను."

ఆమె బండ మీదే కూర్చుంది. అశ్రిత బ్యాగులోంచి తెల్ల కాగితం అడిగి తీసుకుంది. పెన్ను పట్టుకోవడం ఉలి పట్టుకున్నట్టే పట్టుకుంది, నిలువుగా, గట్టిగా. ఒక్కో అక్షరం పలుకుతూ రాసింది. నాలుగు వరసలు. దానికి అరగంట పట్టింది. ఆ అరగంటా ఎవరూ లేవలేదు. నడుమ ఒకసారి కాగితం చిరిగింది, ఇంకోటి తీసుకుని మొదటి నుంచి రాసింది. యమునకు సాయం చేయాలని చేతులు లాగాయి. చేయలేదు.

రాశాక నిలబడి చదివింది. "మేము గుండ్లగుట్టోళ్లము. నలపై ఏండ్ల సంది ఈడనే ఉన్నము. ఎండపలకల కాగితం మాకు సదివి ఇనిపియ్యలేదు. దాంట్ల రాసింది మా మాట కాదు, యమున మాట."

తప్పులున్నాయి. ఎవరూ దిద్దలేదు.

"గిది రేపు నువ్వు సదువుతవ్" అంది యమునతో. "నీ తప్పు నీ నోటితోని కాదు. మా కాగితం, నీ నోటితోని. మధుసూదన్ ముంగట. మూడుసార్లు."

యమున తలూపింది. కన్నీళ్లు ఆగలేదు, తుడుచుకోనూ లేదు.

"పలకలు?" అంది అశ్రిత.

గుంపులో కదలిక వచ్చింది. ఒక తల్లి పలకను ఒళ్లోకి లాక్కుంది. బాలనర్సమ్మ తన కాళ్ల దగ్గరున్న దాన్ని చూసింది. ఎండ దాని మీదినుంచి జారిపోతోంది, కాస్త ముందుకు జరిపి పెట్టింది. "రేపు విచారణ అయినంక తీస్కపో బిడ్డా. అన్ని తుడిచి ఇస్తం. నాకింక ఒత్తులు పూర్తిగాలే. ఈ పొద్దు ఒక పాఠం సూస్త."

అశ్రిత ముఖం పక్కకు తిప్పుకుని స్కూటీ సీటు కింద ఏదో వెతకసాగింది. వెతికేదేమీ లేదు.

ఇక లేస్తారనుకుంది యమున. పొద్దు వాలుతోంది, కడీల లారీ వచ్చే వేళ. బాలనర్సమ్మ బండ దిగలేదు.

"ఇంకొక్కటి అడుగుత. మూడోసారి కాగితం మేమే తిరిగి చెప్పాలె గద, నువ్వు నేర్పిందే. గందుకని అడుగుతున్న. గిసొంటివి ఇంకెన్నున్నయి? మాకు సదవకుంట మా ఏలు ఏపిచ్చినయి?"

"లెవ్వు తియ్యి" అన్నాడు గండయ్య, యమున బదులు తానే. "ఉంటే చెప్పదా? ఎందుకట్ల పరేషాన్ జేస్తవ్ పొల్లను?"

ముప్పై ఒక్క గుడిసెలూ యమునను చూస్తున్నాయి. లేవు అనడం ఎంత సులువో ఆమెకు తెలుసు. గండయ్య మామ అప్పటికే అనేశాడు కూడా. ఊరకుంటే చాలు. సమ్మెటలు లేస్తాయి, ఎవరో చెంబుతో నీళ్లు తెస్తారు, రేపటికి ఒక్క తప్పే ఒప్పుకుంటే సరిపోతుంది.

"ఒకటుంది" అంది.

బాలనర్సమ్మ కళ్లు చిన్నవయ్యాయి. "దేనిది?"

"అందరిది కాదు. ఒక్కని ఏలే ఉంది దాని మీద." యమున ఇంతసేపూ తప్పించుకున్న ముఖం వైపు తిరిగింది. "నీదే మామా."

గండయ్య ముఖంలో నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు. అది అక్కడే ఉండగా అరచేతులు నేలకు ఆనించి మెల్లగా లేచాడు. తన బొటనవేలిని ఒకసారి తిప్పి చూసుకున్నాడు, అది ఎప్పుడు ఎక్కడ పడిందో గుర్తు తెచ్చుకుంటున్నట్టు.

"నువ్వు దిగు నర్సమ్మా" అన్నాడు. "యమునను ఎక్కనియ్యి. నా ఏలు ఏ కాగితం మీద వడ్డదో బండ మీదనే చెప్పని."